పిట్టను తూచకుండా పేలమందు వేయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మీ పత్రిక కుటుంబ పేజీలో ఇటీవల పెంపుడు పక్షుల పేల గురించి ఒక చిన్న చిట్కా వెలువడింది. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిమందును పిట్ట మెడ వెనుక ఒక్క చుక్క వేస్తే పేలన్నీ పోతాయని, ఆపైన రెండు కలరా ఉండలు గుడ్డలో కట్టి పంజరానికి వేలాడదీస్తే మళ్లీ రావని అందులో ఉంది. రాసినవారు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. ఐవర్‌మెక్టిన్ పక్షులకు అసలు పనికిరాని మందేమీ కాదు కూడా. అయినా ఈ రెండు సలహాలనూ ఉన్నవి ఉన్నట్టు పాటించిన ఇంట్లో పేలకన్నా ముందు పిట్టలే పోయే ప్రమాదం ఉంది. పదహారేళ్లుగా ఇంట్లో పిట్టలను సాకుతున్నవాడిని, అంతకుముందు ముప్పై ఏళ్లు బడిపిల్లలకు సైన్సు చెప్పినవాడిని, పైగా ఇదే తప్పును ఒకసారి స్వయంగా చేసినవాడిని కనుక ఈ ఉత్తరం కొంచెం పెద్దదే అయింది. చోటు చాలకపోతే మిగిలినదేదైనా తగ్గించండి గాని, మూడో పేరాలోని లెక్కను మాత్రం తీసివేయవద్దని మనవి.

ఏడేళ్ల క్రితం మా డాబా మీది పంజరంలో ఎనిమిది పిట్టలు ఉండేవి. వాటిలో రెండింటికి ముక్కు మొదట్లో సున్నం పూసినట్టు తెల్లటి పొక్కు కట్టింది. మా మనవరాలు దాన్ని చూసి, పెరుగన్నం అంటుకుందనుకుని తడిగుడ్డతో తుడవబోయింది, అది ఊడలేదు. పశువుల మందుల కొట్టుకు వెళ్లి అడిగితే, ఒక శాతం ఐవర్‌మెక్టిన్ సీసా, ఒక సిరంజి నా చేతిలో పెట్టి, సూది గుచ్చనక్కర లేదని, తోలు మీద ఒక చుక్క వదిలితే సరిపోతుందని చెప్పారు. ఎంత పిట్టకు ఎంత చుక్క అని నేనూ అడగలేదు. జబ్బుచేసిన రెండింటికీ ఒక్కొక్క చుక్క వేసి, ముందుజాగ్రత్త అన్న అతితెలివితో ఆరోగ్యంగా ఉన్న మరొక దానికి కూడా వేశాను. సాయంత్రానికి మూడూ కర్ర మీద నిలవలేక పంజరం అడుగున కూర్చున్నాయి. మెడలు తూలాయి, రెక్కలు వణికాయి, గింజల గిన్నె పక్కనే ఉన్నా ముక్కు అటు తిప్పలేకపోయాయి. తెల్లారేసరికి రెండు చనిపోయాయి. మూడోది రెండు రోజులు మత్తుగా పడి ఉండి తేరుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని, ఆ బతికిన పిట్టను కాగితపు సంచిలో పెట్టుకుని మా వీధి చివరి బంగారం కొట్టుకు తీసుకెళ్లి తూయించాను. కాటా 34 గ్రాములు చూపింది. మా గోదావరి లెక్కలో నాలుగు కాసుల పైచిలుకు, తెలంగాణవారి లెక్కలో మూడున్నర తులాలకు ఒక గ్రాము తక్కువ. పక్షులకు ఐవర్‌మెక్టిన్‌ను సాధారణంగా కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తారు. ఆ ప్రకారం 34 గ్రాముల పిట్టకు కావలసినది సుమారు 7 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వెయ్యింట ఏడు వంతులు. ఒక శాతం సూదిమందులో ప్రతి మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకుంటే ఒక్క చుక్కలో అర మిల్లీగ్రాము, అనగా 500 మైక్రోగ్రాములు. ఏడు కావలసిన చోట ఐదు వందలు వేశానన్నమాట: డెబ్బై రెట్లు. అదే సీసా నుంచి 400 కిలోల ఆవుకు ఇచ్చేది 8 మిల్లీలీటర్లు. ఆవుకు రాసిన సీసాను పిట్టకు వాడదలచినప్పుడు చుక్క అనే కొలతకు అర్థమే ఉండదు. తోలు మీద పడినదంతా ఒంట్లోకి ఇంకదు, కొంత ఈకలకు అంటి పోతుంది. మూడోది బతకడం అందువల్లనే అయి ఉండవచ్చు.

కరోనా రోజుల్లో చాలా ఇళ్లకు 12 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ బిళ్లలు చేరాయి. మిగిలిపోయిన ఆ బిళ్లలను పొడిచేసి పిట్టల నీళ్ల గిన్నెలో కలుపుతున్నవారిని నేను ఎరుగుదును. పై లెక్కన ఒక్క బిళ్లలో ఉన్నది సుమారు 1,700 పిట్టలకు సరిపడే మందు. అది నీటిలో సరిగా కరగదు కూడా. పొడి అడుగున చేరుతుంది, పైన తాగిన పిట్టకు ఏమీ అందదు, అడుగు మిగిలినప్పుడు తాగిన దానికి విషమంతా దక్కుతుంది.

మందు కొలత ఒక సంగతి అయితే, ఏ పురుగుకు మందు వేస్తున్నామో తెలియకపోవడం మరొకటి. మనవాళ్లు పక్షి ఒంటి మీద కదిలేవాటన్నిటినీ పేలు అనే అంటారు. అంతెందుకు, పిట్టకే సరైన పేరు పెట్టం: మన ఇళ్లలో లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న ఆకుపచ్చ, నీలి, పసుపు పిట్టలు నిజానికి ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరిగార్లు. అసలైన లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోకతో, లావాటి ముక్కుతో కొంచెం బరువుగా ఉంటాయి. ఇది చాదస్తంగా తోచవచ్చు. కాని మా పిట్టల ముక్కులకు కట్టిన తెల్లపొక్కు ప్రధానంగా బడ్జరిగార్లకు వచ్చే జబ్బు. వైద్యుడికి ఫోనులో లవ్‌బర్డ్స్ అని చెబితే ఆయన ఆలోచన ఇంకొక దారిన పోతుంది.

నిజమైన పేలు కంటికి కనిపిస్తాయి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుతో, చదునుగా, గడ్డిరంగులో ఉండి, ఈకను విడదీసి వెలుతురులో చూస్తే చురుగ్గా పక్కకు పరుగెత్తుతాయి. ఈకల మొదళ్ల వద్ద గుడ్లను గుత్తులుగా అంటిస్తాయి. మన తల పేలలా ఇవి నెత్తురు పీల్చడం మీదే బతకవు. ఎక్కువ జాతులు ఈకను, చర్మపు పొట్టును కొరికి తింటాయి. పుట్టుక నుంచి చావు దాకా జీవితమంతా పక్షి మీదనే గడుస్తుంది. పక్షిని విడిచి వారం రోజులకు మించి బతకలేవు, మనుషుల మీద అసలే కాపురం పెట్టవు. కనుక వీటికి చికిత్స పక్షికి చేయాలి. గుడ్లను మందు చంపలేదు కనుక పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేయాలి. ఒక్కసారి మందు వేసి, తగ్గిందని సంతోషించి, మూడు వారాలకు మళ్లీ వచ్చాయని మందును తిట్టుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే.

అయితే ఆరోగ్యంగా ఉన్న పక్షి మీద పేలు పెద్దగా పెరగవు. ముక్కే దాని దువ్వెన. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు పావురాల మీద చేసిన ప్రయోగాల్లో, పై ముక్కు కొసన కిందికి వంగి ఉండే చిన్న కొక్కాన్ని అరగదీసినప్పుడు అవి తిండి మామూలుగానే తిన్నాయి గాని, ఒంటి మీద పేలు విపరీతంగా పెరిగాయి. ముక్కు వంకరపోయిన పిట్టకు, కాలు కుంటుపడి తల గోక్కోలేని పిట్టకు, లోపల మరేదో జబ్బుతో నీరసించిన పిట్టకు పేలు పట్టడం అందుకే. అటువంటి చోట పేలు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. స్నానానికి వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టండి, లేదా కడిగిన కొత్తిమీర కట్టను తడిగానే పంజరానికి వేలాడదీయండి. బడ్జరిగార్లు తడి ఆకుల్లో దొర్లి ఒళ్లు తోముకుంటాయి. ఏ పొడి మందూ చేయని పని అది చేస్తుంది.

రెండో రకం ఎర్రనల్లి. మిరప, బెండ రైతులకు తెలిసిన ఎర్రనల్లి వేరు. దీని శాస్త్రీయ నామం డెర్మానిసస్ గల్లినే. చాలామంది పెంపకందారులు ఓడిపోయేది దీని చేతిలోనే, ఎందుకంటే పగటిపూట పిట్టను ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు. పగలంతా పంజరం అతుకుల్లో, కూర్చునే కర్రల కొసల్లో, గూటి చీలికల్లో దాక్కుని, చీకటి పడ్డాక బయటకు వచ్చి, నిద్రపోతున్న పిట్ట నెత్తురు తాగి, తెల్లవారకముందే తిరిగి చీలికలోకి చేరుతుంది. ఆకలితో ఉన్నప్పుడు బూడిద రంగులో, తాగాక ఎర్రగా, మిల్లీమీటరుకు మించని చుక్కలా ఉంటుంది. రాత్రిపూట పిట్టలు కుదురుగా నిద్రపోకుండా రెక్కలు కొట్టుకుంటున్నా, గూట్లోని పిల్లలు కారణం తెలియకుండా పాలిపోయి ఒక్కొక్కటే చనిపోతున్నా ముందుగా దీన్నే అనుమానించాలి. రుజువు చేసుకోవడం సులువు: రాత్రి పంజరం మీద తెల్లటి పంచె కప్పి, అడుగున తెల్ల కాగితం పరిచి, తెల్లవారుజామున దీపం వేసి చూడండి, మడతల్లో కదిలే చుక్కలను వేలితో నొక్కితే నెత్తుటి మరక పడుతుంది.

ఈ నల్లికి పిట్టను మందులో ముంచినా ఫలితం లేదు, ఎందుకంటే అది పిట్ట మీద కాపురం ఉండదు. వేడి వాతావరణంలో వారం, పది రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. అంతకన్నా తంటా ఏమిటంటే తిండి లేకుండా నెలల తరబడి చీలికలో పడి ఉండగలదు. పిట్టలను అమ్మేసి ఖాళీ పంజరాన్ని అటక మీద పెట్టి, ఆరు నెలలకు దించి కొత్త జంటను వదిలితే, పాత నల్లులే కొత్తవారికి స్వాగతం చెబుతాయి. చేయవలసిన పని ఓపికతో కూడుకున్నది. పిట్టలను శుభ్రమైన వేరే పంజరానికి మార్చి, పాతదాన్ని విడదీసి, ప్రతి అతుకు మీదా మరిగే నీళ్లు పోసి, బ్రష్షుతో తోమి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. కర్రలను కాల్చేసి కొత్తవి వేయడం మేలు. ఒక వేపకొమ్మ, జామకొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది. ఐదారు రోజులకొకసారి ఇలా నెలపాటు చేస్తే గాని గుడ్ల నుంచి వచ్చేవి కూడా పోవు. చెక్క పంజరమైతే మార్చి ఇనుపది కొనుక్కోవడమే దారి. మన దగ్గర బడ్జరిగార్లకు గూడుగా కట్టే మట్టి ముంతల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక కాన్పు పిల్లలు ఎగిరిపోగానే ఆ ముంతను పగలగొట్టి కొత్తది కట్టాలి. ముంత ఖరీదు చూసుకుని అదే గూట్లో రెండో కాన్పు, మూడో కాన్పు కానిస్తే నల్లికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

మూడోది మా ఇంటికి వచ్చినది, క్నెమిడోకాప్టిస్ అనే గజ్జి పురుగు. ఇది కంటికి కనిపించదు. చర్మపు పొరల్లో సొరంగాలు తవ్వుకుని అక్కడే గుడ్లు పెట్టి అక్కడే పెరుగుతుంది. ముక్కు మొదట్లో, ముక్కు రంధ్రాలుండే మెత్తటి భాగం మీద, నోటి మూలల్లో, ముదిరితే కనురెప్పల చుట్టూ, కాళ్ల మీద తెల్లటి పొక్కు కడుతుంది. భూతద్దం కింద పెట్టి చూస్తే తేనెపట్టులా సన్నటి రంధ్రాలు కనబడతాయి. ఈ జబ్బును గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు. చాలావరకు పిల్లలు ఈకలు రాకముందే గూట్లో తల్లిదండ్రుల నుంచి దీన్ని అందుకుంటాయి. నెలల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండి, పిట్ట నీరసించినప్పుడు, ఇల్లు మారినప్పుడు, తోడు పోయినప్పుడు పైకి తేలుతుంది. అందువల్ల ఒకదానికి కనబడితే అదే పంజరంలోని వాటన్నిటికీ చికిత్స అవసరమవుతుంది. గోటితో గిల్లి పొక్కును ఊడదీయకూడదు. దాని కింద ముక్కు పెరిగే మూలం ఉంటుంది, అది దెబ్బతింటే ముక్కు జీవితాంతం వంకరగానే పెరుగుతుంది. ఇక్కడ సరిగ్గా ఐవర్‌మెక్టినే పనిచేస్తుంది. కాని పశువైద్యుడు పిట్టను తూచి, పలుచన చేసిన మందును చర్మం మీద వేసి, పది, పద్నాలుగు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు మళ్లీ వేస్తే పనిచేస్తుంది. చిన్న పిట్టలకు దీన్ని సూదితో గుచ్చడం వల్ల మరణాలు సంభవించాయి కనుక ఆ పని ఇంట్లో ఎవరూ తలపెట్టవద్దు. మా ఇంట మిగిలిన ఆరు పిట్టలకూ తర్వాత ఒక వైద్యురాలు ఈ పద్ధతిలోనే నయం చేశారు. నెల తిరిగేసరికి పొక్కు ఆనవాలు లేదు.

ఇదే కుటుంబానికి చెందిన మరో జాతి కోళ్ల కాళ్లకు పడుతుంది. కాలి పొలుసులు పైకి లేచి, మధ్యలో సుద్దపొడి లాంటిది చేరి, కాలు బండబారుతుంది. మా జిల్లాల్లో సంక్రాంతి పుంజులకు బాదంపప్పు పెట్టి, వేన్నీళ్లతో ఒళ్లు పట్టేవారు కూడా కాళ్లు చూడడం మరిచిపోతారు. కోళ్ల గూటి గోడల పగుళ్లలో దాక్కునే గోమార్లు మరో బెడద. ఇవీ రాత్రివేళే కుడతాయి, పైగా కోళ్లకు ప్రాణాంతకమైన స్పైరోకీటోసిస్ జ్వరాన్ని అంటిస్తాయి. పగుళ్లను పూడ్చి సున్నం వేయడం పెద్దలు ఊరికే చేసిన పని కాదు. పెరట్లో బూడిద, ఇసుక కలిపిన గుంట కూడా మంచిదే, కోడి అందులో పొర్లి ఒంటి పురుగులను చాలావరకు వదిలించుకుంటుంది. అదే బూడిదను ఇంటిలోపలి పంజరంలో చల్లకూడదు. గాలి ఆడని చోట ఆ ధూళంతా పిట్ట ఊపిరిలోకే పోతుంది.

పావురాలు పెంచేవారికి పావురపు ఈగ తెలిసే ఉంటుంది. గోధుమరంగులో, చదునుగా, ఈకల సందుల్లో పీతలా పక్కకు పాకుతూ ఉండే ఈ ఈగ నెత్తురు తాగడమే కాక, మలేరియా జీవికి దగ్గరి చుట్టమైన హీమోప్రోటియస్ అనే పరాన్నజీవిని ఒక పావురం నుంచి మరో పావురానికి మోస్తుంది. మలేరియా అనగానే మనవారికి గుర్తొచ్చేది సికింద్రాబాద్: 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసినది బేగంపేటలోనే. మరుసటి ఏడాది కలకత్తాలో ఆయన ఆ కథను ముగించినది మనుషులతో కాదు, పిట్టలతో. పక్షుల మలేరియాను దోమ ఎలా మోస్తుందో చూపించి. పావురపు ఈగ పిల్లలు గూటి చెత్తలోనే నల్లటి గింజల్లా పడి ఉండి ఈగలుగా మారతాయి. రెండు మూడు వారాలకొకసారి గూటిలోని చెత్తంతా ఎత్తి కాల్చేస్తే సగం పని అయినట్టే.

ఇక మీ చిట్కాలోని రెండో భాగం, కలరా ఉండలు. వాటి నుంచి వచ్చే ఆవిరి పురుగులను తరిమేంతగా ఉందంటే ఆ పంజరంలోనే ఇరవై నాలుగు గంటలూ ఉండే పిట్టకు ఏమవుతుందో ఆలోచించాలి. పక్షి ఊపిరి మన ఊపిరి వంటిది కాదు. ఊపిరితిత్తులకు తోడు ఒళ్లంతా గాలి సంచులుంటాయి, గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగుతూ ఉంటుంది, పీల్చిన దానిలోని విషం మనకన్నా వేగంగా నెత్తుట్లో కలుస్తుంది. గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకుపోయింది అందుకే. కాబట్టి కలరా ఉండలు, దోమల చుట్టలు, బొద్దింకల స్ప్రే, పంజరం చుట్టూ చీమల చాక్‌పీసు గీతలు, పేలు పోతాయని పట్టించే సాంబ్రాణి పొగ, ఇవేవీ పిట్ట ఉన్న గదిలో పనికిరావు. కిరసనాయిలు తుడవడమూ, ఈకలకు వేపనూనె పట్టించడమూ అంతే: నూనె తగిలిన ఈకలు అతుక్కుని ఒంటి వేడి నిలపలేవు, పిట్ట వాటిని ముక్కుతో శుభ్రం చేసుకునే క్రమంలో ఆ నూనెంతా మింగుతుంది. గూట్లో నాలుగు వేపరెమ్మలు ఉంచితే నష్టం లేదు, అవి పేలను పోగొడతాయని మాత్రం నమ్ముకోవద్దు.

పాత పుస్తకాల్లో, పెద్దల నోళ్లలో ఇంకా వినిపించే పొడి మందుల గురించి కూడా హెచ్చరించాలి. మా చిన్నప్పుడు కోళ్లకు చల్లిన గమాక్సిన్, అదే బీహెచ్‌సీ, 1997లోనే నిషిద్ధమైంది. కోళ్ల పేలకు ఎన్నో ఏళ్లు సిఫారసు చేసిన కార్బరిల్ పొడిని కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో నిషేధించింది. అయినా అటక మీది డబ్బా నిషేధాన్ని చదవదు. గుడ్ల కోసం కోళ్లను కూడా పెంచేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలలో ఎర్రనల్లి మందులో ఫిప్రోనిల్ అనే పురుగుమందు కలిపి కోళ్ల ఫారాల్లో చల్లిన ఫలితంగా ఆ మందు గుడ్లలో తేలి, ఐరోపా అంతటా లక్షలాది గుడ్లను అంగళ్ల నుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. కుక్కల గోమార్లకు మనం కొనే స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది అదే మందు.

ఈకలు రాలిన ప్రతి పిట్టకూ పేలే కారణం కావు. ఏడాదిలో ఒకసారైనా పిట్ట పాత ఈకలను విడిచి కొత్తవి తొడుక్కుంటుంది. అప్పుడు తల మీద సూదిమొనల వంటి కొత్త ఈకలు లేచి, దురదకు గోక్కుంటుంది. అది జబ్బు కాదు. కేవలం కొర్రలతో పెంచిన పిట్టకు ఎ విటమిన్ చాలక చర్మం, ఈకలు పాడవుతాయి. ఆకుకూర, కేరట్ తురుము అలవాటు చేస్తే కొన్ని నెలల్లో కోలుకుంటుంది. తోడు లేక, పని లేక తన ఈకలు తానే పీక్కునే చిలుకజాతి పక్షులు కూడా ఎన్నో. తల మీది ఈకలు నిగనిగలాడుతూ, ముక్కుకు అందే రొమ్ము మాత్రం బోసిపోయిందంటే పీకుతున్నది ఆ పిట్టే. దానికి పేలమందు వేయడం దండగ. (మన రామచిలుక విషయంలో ఈ ప్రశ్నే రాకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం.)

పక్షులను పెంచని పాఠకులకు కూడా ఒక మాట. అపార్టుమెంట్లలో ఏసీ యంత్రాల వెనుక, బాత్రూము గవాక్షాల్లో పావురాలు గూళ్లు కడతాయి. పిల్లలు ఎగిరిపోయిన తర్వాత ఆ గూటిలో మిగిలిన నల్లులు ఆకలితో గదుల్లోకి పాకి మనుషులను కుడతాయి. అవి మన మీద స్థిరపడవు, కాని దద్దుర్లు, దురద మాత్రం వారాల తరబడి వేధిస్తాయి. మంచాల నల్లులనుకుని పరుపులు మార్చినవారున్నారు. కిటికీకి వల కట్టించే ముందు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ పాత గూటిని తీయించి ఆ చోటు కడిగించండి.

ఇంత చెప్పి, పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి అని ముగిస్తే అది నిజాయితీ అనిపించుకోదు. నేను వెళ్లాను. మొదట వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరుగారు మర్యాదస్తులే. తమ దగ్గరున్న కాటా మేకకన్నా చిన్నదాన్ని తూచదని, పక్షులకు పలుచన చేసిన మందు సరఫరాలో లేదని, గేదెలకు చూలుపరీక్షలు చేసే క్యూ మధ్యలో 34 గ్రాముల రోగిని చూడడానికి తనకు పరికరమూ తీరికా రెండూ లేవని దాపరికం లేకుండా చెప్పారు. ఆయనను తప్పు పట్టను. గ్రాములు తూచే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా కొన్ని వందల రూపాయలకే వస్తుంది. రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలూ జిల్లా కేంద్రాల ఆసుపత్రులకైనా ఒక్కొక్క కాటా, ఒక భూతద్దం, పలుచన చేసుకునే కొలతల పట్టిక ఇస్తే చాలా పిట్టలు బతుకుతాయి. పశువైద్య సేవల కోసం 1962 నంబరుకు ఫోను చేసేవారికి కూడా ముందు పిట్ట బరువెంతో తూచి చెప్పండని అడిగే అలవాటు అక్కడి సిబ్బందికి కావాలి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం పెంపుడు జంతువులను అమ్మే ప్రతి దుకాణమూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి. ఆ నమోదు కాగితాన్ని గోడ మీద చూపించమని కొనేవారు అడగడం మొదలుపెడితే, ముక్కుకు పొక్కు కట్టిన పిట్టను అమ్మడానికి దుకాణదారు కొంచెమైనా వెనకాడతాడు. కొత్త పిట్టను కొన్నాక నెలరోజులు వేరే గదిలో ఉంచడం మాత్రం మన చేతిలో పనే.

మీ చిట్కాకు సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అదే పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో వస్తే మేలు. మొన్న మా ఊళ్లోని పశువుల మందుల కొట్టుకు వెళ్తే ఆ చిట్కాను కత్తిరించి గల్లా వెనుక గోడకు అంటించి ఉన్నారు. ఐవర్‌మెక్టిన్ సీసాలు ఆ కిందనే వరుసగా పేర్చి ఉన్నాయి. నేను కాగితం మీద ఏడు, ఐదు వందల లెక్క వేసి చూపించాను. కొట్టతను చాలాసేపు చూసి, మాస్టారూ, మీరు చెప్పేది నిజమే కావచ్చు గాని ఇది పేపర్లో వచ్చింది కదా అన్నాడు. సవరణ కూడా పేపర్లో వస్తే పాతదాన్ని తీసేసి దాన్నే అంటిస్తానని ఒప్పుకున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం